చుక్కలు చూసి తెర కొనండి!

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోకి పెద్ద మానిటర్ కావాలి. సెలవుల్లో ఆటలాడుకునే కుర్రాడికీ పెద్ద మానిటరే కావాలి. కానీ ఇద్దరికీ కావలసింది ఒకటే తెర కాదు. అంగుళాలు చూసి మురిసిపోతే డబ్బూ పోతుంది, పనీ చెడుతుంది. మరి ఏం చూసి కొనాలి?

పెళ్లయింది. నెల తిరిగాక ఆల్బమ్ వచ్చింది. నాలుగు పేజీలు తిప్పగానే పెళ్లికూతురి తల్లి మొహం మాడిపోయింది. 'ఏంది నాయనా ఇది, మా బిడ్డ ఇంత నల్లంగా ఉందా?' అని అడిగేసింది. 'కంప్యూటర్లో బాగానే ఉందమ్మా!' అంటాడు ఫొటోగ్రాఫర్. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే 'నువ్వు పంపినట్టే వేశాం' అంటారు వాళ్లు. ముగ్గురి మాటా నిజమే. మరి తప్పెవరిది?

చాలాసార్లు తప్పు టేబుల్ మీద కూర్చున్న మానిటర్‌ది!

నెల్లూరు మెట్టలో... ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్లలో స్టూడియో పెట్టుకున్నవారికి పెళ్లిళ్ల సీజనే పంట. ఆల్బమ్ మళ్లీ వేయించాల్సి వస్తే ఆ పెళ్లి మీద మిగిలే డబ్బు సగం దానికే పోతుంది. పేరు పోవడం సరేసరి. అందుకే 'పాత తెర తీసేసి పెద్దది కొందాం' అనుకునేవారు ముందుగా ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. పెద్ద తెర వేరు, మంచి తెర వేరు. ఆటలకు మంచిదైన తెర ఫొటోలకు మంచిది కాకపోవచ్చు. ఎవరి పనికి ఏది కావాలో తెలిస్తే తక్కువ డబ్బుతోనే సరైనది దొరుకుతుంది.

చుక్కల లెక్క

మానిటర్ మీద కనిపించే బొమ్మంతా చిన్న చిన్న చుక్కల ముగ్గే. ఆ చుక్కలే పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల పైచిలుకు. క్యూహెచ్‌డీ అంటే 2,560 బై 1,440... దాదాపు 37 లక్షలు. 4కె అంటే 3,840 బై 2,160... దాదాపు 83 లక్షలు. అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు.

అంగుళాలు చెప్పేది తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత మాత్రమే. అసలు చూడాల్సింది ఒక్కో అంగుళంలో ఎన్ని చుక్కలు పట్టాయన్నది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 చుక్కలు పడతాయి. అవే చుక్కల్ని 32 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళానికి 69కి పడిపోతాయి. చారెడు ముగ్గుపిండితో చిన్న వాకిట్లో వేసిన ముగ్గు నిండుగా ఉంటుంది. అదే పిండితో పెద్ద వాకిట్లో వేస్తే పలచబడుతుంది. ఇదీ అంతే. తెర పెద్దదవుతుంది, బొమ్మ గరుకుగా కనిపిస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి నాణ్యత తగ్గించుకున్నట్టు!

అదే 27 అంగుళాల క్యూహెచ్‌డీ తీసుకుంటే అంగుళానికి 109, 27 అంగుళాల 4కె అయితే 163, 32 అంగుళాల 4కె అయితే 138 చుక్కలుంటాయి. ఎన్ని ఉంటే చాలు? మంచి చూపున్న మనిషి రెండడుగుల దూరంలో కూర్చుంటే అంగుళానికి దాదాపు 140 చుక్కల దాకా కన్ను విడదీసి చూడగలదు. ఆ పైన ఎన్ని పెట్టినా కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. కాబట్టి మనం కంప్యూటర్ ముందు కూర్చునే దూరానికి 27 నుంచి 32 అంగుళాల 4కె అంటే కంటికి నిండు భోజనమే.

ఇంత ఒత్తుగా చుక్కలు పేర్చడం నిన్నమొన్నటి విద్య కాదు. 2001లోనే ఐబీఎం సంస్థ 22 అంగుళాల తెరలో 92 లక్షల చుక్కలు పట్టించి చూపింది. అంగుళానికి 204! కాకపోతే దాని ధర మామూలు మనిషి ఊహకు కూడా అందదు. అప్పట్లో పెద్ద పెద్ద పరిశోధనశాలలు కొనుక్కున్న స్పష్టత ఇప్పుడు మండల కేంద్రంలోని స్టూడియోకీ అందుబాటులోకి వచ్చింది.

ఆల్బమ్ ఎంత? తెర ఎంత?

ఇప్పుడు పెళ్లి ఆల్బమ్‌లకు ఎక్కువగా వాడే షీట్ 12 బై 36 అంగుళాలది. అంగుళానికి 300 చుక్కల చొప్పున తయారు చేస్తే ఒక్క షీట్‌లో 3 కోట్ల 88 లక్షల చుక్కలుంటాయి. దాన్ని ఫుల్ హెచ్‌డీ తెర మీద తెరిస్తే నూటికి అయిదు చుక్కలే కళ్లముందు ఉన్నట్టు. మిగతావన్నీ కంప్యూటర్ కుదించి చూపిస్తుంది. 4కె తెర మీదైతే నూటికి 21 కనిపిస్తాయి.

విడి ఫొటోకైనా అంతే. 2.4 కోట్ల చుక్కల కెమెరాతో తీసిన ఫొటోను అసలు సైజులో పెట్టి చూస్తే ఫుల్ హెచ్‌డీ తెర మీద పన్నెండో వంతు మాత్రమే పడుతుంది. 4కె తెర మీద మూడో వంతు పడుతుంది. తలంబ్రాల వేళ పెళ్లికూతురి కళ్లు ఫోకస్‌లో ఉన్నాయా, వెనకనున్న మేనత్త మొహం ఫోకస్‌లో పడిందా అన్నది అసలు సైజులో చూస్తేనే తేలుతుంది. వేల ఫొటోలు వడకట్టాల్సినప్పుడు చిన్న తెర మీద ప్రతి ఫొటోనీ అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కాబట్టి ఫొటోలవారికి ఎక్కువ చుక్కలు షోకు కాదు, పనిముట్టు.

నల్లబడిన ఫొటో రహస్యం

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. తెర మీద తెల్లగా ఉన్న మొహం కాగితం మీద నల్లగా ఎందుకొచ్చింది?

కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసేసరికి కళ్లు జిగేల్‌మనేంత వెలుగుతో ఉంటుంది. షాపులో పక్కవాటికన్నా మెరవాలి కదా! తెర కాంతిని నిట్స్‌లో కొలుస్తారు. మామూలు మానిటర్లు పూర్తి వెలుగులో 250 నుంచి 350 నిట్స్ దాకా ఇస్తాయి. అచ్చు వేయాల్సిన ఫొటోలు దిద్దేవారికి సిఫారసు చేసేది 80 నుంచి 120 మాత్రమే. మూడింతల వెలుగున్న తెర మీద చూసినప్పుడు ఫొటో మరీ తెల్లగా ఉందనిపిస్తుంది. దాంతో తగ్గిస్తాం. కాగితానికి సొంత వెలుగు లేదు. అది మనం తగ్గించినదాన్ని తగ్గించినట్టే చూపిస్తుంది.

మందు చాలా చవక. ల్యాబ్ నుంచి బాగా వచ్చిన ఒక ప్రింటు తీసుకోండి. అదే ఫైలును తెర మీద తెరవండి. ప్రింటును మంచి వెలుతురులో పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా తెర కాంతి తగ్గించండి. ఫొటోను ముట్టుకోకండి, తెరను మాత్రమే మార్చండి. పదివేల రూపాయల మానిటర్ ఉన్నవారికైనా ఈ ఒక్క పనితో సగం గొడవ తీరిపోతుంది.

మిగతా సగం రంగులది. తెర మీద రంగును కొలిచి సరిదిద్దే చిన్న పరికరం ఉంటుంది. దాన్ని కేలిబ్రేటర్ అంటారు. తెరకు ఆనించి పెడితే రంగుల్ని ఒక్కొక్కటిగా కొలిచి, ఎక్కడ ఎరుపు ఎక్కువైందో, ఎక్కడ నీలం తగ్గిందో చూసి కంప్యూటర్‌కి ఒక పట్టీ రాసిస్తుంది. స్పైడర్, కేలిబ్రైట్ పేర్లతో దొరుకుతున్నాయి. ధర పదివేలు దాటుతుంది. ఒక్క స్టూడియోకి బరువనిపిస్తే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. నెలకోసారి వాడితే చాలు కదా!

చెక్క గరిటె చెప్పే పాఠం

రంగు తేడా ఎంత నష్టమో తెలియాలంటే ఉదయగిరి చెక్క గరిటెల్నే చూడండి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కలపతో చేసే చెంచాలు, గరిటెలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేతితో చెక్కే వాటి అందమంతా కలప ఛాయలోనూ, నగిషీలోనూ ఉంది. ఎక్కడో ఢిల్లీలో, అమెరికాలో ఉన్నవారు ఫొటో చూసి కొనుక్కునే రోజులివి. గోధుమ వన్నె గరిటె ఫొటోలో నారింజ రంగులో కనిపిస్తే కొన్నవారు 'ఇది కాదు మేం అడిగింది' అని వెనక్కి పంపేస్తారు. ఫొటో దిద్దినవారి తెర తప్పు చెబితే చెక్కినవారి కష్టం వృథా!

ఇక్కడే 'రంగుల పరిధి' సంగతి వస్తుంది. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పడానికి కొన్ని కొలబద్దలున్నాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేసిన ఎస్‌ఆర్‌జీబీ అందరికీ తెలిసినది. ఇంటర్నెట్‌లోని ఫొటోలు, మామూలు ల్యాబ్ ప్రింట్లు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీలో ఆకుపచ్చలు, నీలి ఆకుపచ్చలు మరింత విస్తారంగా ఉంటాయి. సినిమావారిది డీసీఐ-పీ3.

పెళ్లి ఫొటోలకూ, సరుకుల ఫొటోలకూ ఎస్‌ఆర్‌జీబీ నూటికి 99 వంతులు చూపే తెర చాలు. వానలకు పచ్చబడ్డ దుర్గం కొండనో, సాయంకాలం సోమశిల జలాశయాన్నో పెద్ద సైజులో మేలైన కాగితం మీద వేయించుకునే సరదా ఉన్నవారు అడోబ్ ఆర్‌జీబీ తెరకు ఖర్చు పెట్టొచ్చు. కొనేటప్పుడు 'డెల్టా ఈ' అన్న మాట కోసం చూడండి. అసలు రంగుకీ, తెర చూపే రంగుకీ ఉన్న తేడాకు అది కొలత. రెండుకన్నా తక్కువుంటే మంచిది.

తెర జాతి కూడా ముఖ్యమే. ఐపీఎస్ తెరను పక్కనుంచి చూసినా రంగు మారదు. పెళ్లివారు చుట్టూ నిలబడి ఫొటోలు ఎంచుకునే స్టూడియోకి ఇదే తగినది. వీఏ తెరలో నలుపు చిక్కగా ఉంటుంది గానీ పక్కకు జరిగితే ఛాయలు కాస్త తేలిపోతాయి. టీఎన్ రకం చవక, వేగం ఎక్కువ... ఫొటోలకు మాత్రం దండం పెట్టి వదిలేయాల్సిందే. ఓలెడ్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఫొటోషాప్ పట్టీల్లాంటివి రోజంతా కదలకుండా ఉంటే వాటి మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదముంది.

ఆటలకైతే వేరే దారి

ఇక ఇంట్లో కుర్రాళ్ల సంగతి. 'నాన్నా, 4కె మానిటర్ కొను' అని పట్టుబడతారు. కొనేముందు నాన్న అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'మన కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు ఏది?'

ఆటలో బొమ్మలు ముందే తీసిపెట్టినవి కావు. ఎప్పటికప్పుడు కార్డు గీయాలి. సెకనుకు 60 బొమ్మల చొప్పున ఫుల్ హెచ్‌డీ తెర నింపాలంటే 12 కోట్ల పైచిలుకు చుక్కలు గీయాలి. 4కె తెరకైతే 50 కోట్లు! చిన్న కార్డుకు 4కె తెర తగిలించడం బక్క ఎద్దుకు బండెడు మూట కట్టడమే. ఆట నత్తలా నడుస్తుంది. కాబట్టి కార్డును బట్టి తెర కొనాలి.

పైగా ఆటల్లో చుక్కలకన్నా వేగం ముఖ్యం. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పేది రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లు ఉంచుతుంది. 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకే మారుస్తుంది. పరుగెత్తే బొమ్మ చెదరకుండా కనిపించేది దీంతోనే. కార్డు గీసే వేగానికి తెర తనే తాళం కలుపుకునే ఏర్పాటు కూడా ఉంది. 2013లో ఎన్‌విడియా జీ-సింక్‌నీ, 2015లో ఏఎండీ ఫ్రీసింక్‌నీ తెచ్చాయి. ఈ రెండిట్లో ఒకటుంటే బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించదు.

పెట్టె మీద '1 ఎంఎస్' అని పెద్ద అక్షరాలుంటాయి. అది ఒక ప్రత్యేక పద్ధతిలో, ఒక ప్రత్యేక సెట్టింగులో కొలిచిన అంకె కావచ్చు. దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. 'హెచ్‌డీఆర్ 400' అన్నదీ అలాంటిదే. వెలుగునీడల తేడా గొప్పగా చూపించే హెచ్‌డీఆర్‌లో అది కింది మెట్టు మాత్రమే.

మానిటర్ బదులు టీవీ?

'43 అంగుళాల 4కె టీవీ అంతకే వస్తుంటే మానిటర్ ఎందుకు?' అనే సందేహం చాలామందికి ఉంది. అయిదారు అడుగుల దూరం నుంచి ఆటలాడేవారికి టీవీ మంచి బేరమే. అందులో 'గేమ్ మోడ్' ఉండేలా చూసుకోవాలి. లేకపోతే మీట నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. ఫొటో పనికి మాత్రం టీవీ పనికిరాదు. కళ్లకు ఇంపుగా ఉండాలని రంగుల్ని తనే పెంచేస్తుంది. కొన్ని టీవీలు కంప్యూటర్ అక్షరాల అంచుల్లో రంగు మసక చూపిస్తాయి. రెండడుగుల దూరంలో 43 అంగుళాల తెర పెట్టుకుంటే మెడ కూడా నొప్పెడుతుంది.

ఇంకో తిరకాసు తీగది. 4కె తెర కొన్నారు, మౌస్ మాత్రం ఈడ్చుకుంటూ కదులుతోంది. ఎందుకు? పాత కంప్యూటర్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 దారిలో 4కె బొమ్మ సెకనుకు 30 సార్లకు మించి పోదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉండాలి. హెచ్‌డీఎంఐ దారిలోనే 4కెలో 120 కావాలంటే అది 2.1 అయి ఉండాలి. మీ కంప్యూటర్ వెనక ఏముందో ముందే చూసుకోండి.

మెట్టవారికి నాలుగు మాటలు

బెంగళూరులో ఉన్నవారికీ ఉదయగిరిలో ఉన్నవారికీ ఒక తేడా ఉంది. మానిటర్ పాడైతే ఏం చేయాలన్నది! ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు దగ్గర. ఆత్మకూరు నుంచైనా యాభైకి పైగానే. 32 అంగుళాల తెరను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడం మాటలు కాదు. అందుకే కొనకముందే మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికొచ్చి బాగుచేస్తారా, మనమే మోసుకెళ్లాలా అని కంపెనీవారిని అడగండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇంటికొచ్చే కంపెనీదే కొనడం లాభం.

కరెంటు హెచ్చుతగ్గులుంటే యూపీఎస్ తప్పనిసరి. తెరను వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టకండి. ఎండ పొడ పడితే ఏ తెరైనా వెలవెలబోతుంది. కిటికీ పక్కవాటుగా ఉండాలి. వెనక గోడకు ముదురు గులాబీ, ఆకుపచ్చ రంగులుంటే కన్ను మోసపోతుంది. తెలుపో, లేత బూడిద రంగో మేలు. తెర వేశాక అరగంట ఆగి రంగుల పని మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి.

పన్ను సంగతి కూడా మారింది. ఇంతకుముందు 32 అంగుళాలు దాటిన మానిటర్లకు జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18 శాతమే. పాత ధరల పట్టీ చూపించేవారుంటే ఈ మాట గుర్తుచేయండి.

ఎవరికి ఏది?

* పెళ్లి ఆల్బమ్‌ల స్టూడియో: 27 అంగుళాల 4కె, ఐపీఎస్, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం. రిఫ్రెష్ రేటు 60 చాలు. మిగిలిన డబ్బు కేలిబ్రేటర్‌కి.

* డబ్బు ఆచితూచి పెట్టేవారు: 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్. అదీ కుదరకపోతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దు.

* ఆటల కుర్రాళ్లు: మామూలు కార్డు ఉంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్. మంచి కార్డు ఉంటే 27 అంగుళాల క్యూహెచ్‌డీ.

* పగలు ఫొటోలు, రాత్రి ఆటలు: 27 అంగుళాల క్యూహెచ్‌డీ, ఐపీఎస్, 144 హెర్ట్జ్. తెరలోనే 'ఎస్‌ఆర్‌జీబీ' మీట ఉండేలా చూసుకుంటే పగలు అది, రాత్రి ఇది.

షాపులో పది నిమిషాలు

బాగా తెలిసిన రెండు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వాటి ప్రింట్లు చేత్తో పట్టుకెళ్లండి. ఒకదాంట్లో మనిషి మొహం, ఇంకోదాంట్లో ఎర్ర పట్టుచీర ఉండాలి. చీర మడతలు విడివిడిగా కనిపించకుండా ఎర్రటి ముద్దలా ఉందంటే ఆ తెర రంగుల్ని దాటేస్తోందన్నమాట. పక్కకు జరిగి చూడండి. మొహం ఛాయ మారకూడదు. తెరంతా నల్లగా, ఆ తర్వాత తెల్లగా పెట్టించి చూడండి. వెలిగే చుక్కగానీ, చచ్చిన చుక్కగానీ కనబడితే ఆ పెట్టె వద్దనండి. ఒకటీ అరా చుక్కలకు వారంటీ కింద తెర మార్చని కంపెనీలున్నాయి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పేటప్పుడే ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. వెనక్కిచ్చే గడువు తీరేలోగా ఈ పరీక్షలన్నీ ఇంట్లోనే చేయండి. బిల్లు భద్రంగా పెట్టండి. అట్టపెట్టె, థర్మకోల్ అటక మీద దాచండి. ఎప్పుడైనా నెల్లూరు దాకా మోయాల్సి వస్తే తెరను కాపాడేది అవే!